నూట ముప్పై రెండు మెట్లు

మా నగరంలో పైవాళ్ళంటే పేదవాళ్ళు.
గాలి పలచబడే చోట, కొండ కొమ్మున,
పూత ఎరగని ఇటుకల ఇళ్ళు.
కింద లోయలో పచ్చిక, కుక్కలకు స్వెట్టర్లు,
వంటింటి వెనక కిటికీ లేని ఒక గది.
ఎల్ ఆల్తో నుంచి లా పాస్‌కు
పొద్దున్నే తీగబండిలో దిగుతారు పనివాళ్ళు,
చీకటి పడ్డాక ఎక్కుతారు.
నేను మధ్యలో, ఒక మూడో అంతస్తులో అద్దెకుంటాను.
మా అమ్మ బ్యాంకు గుమాస్తా.
నాకు కంప్యూటరు మీద శబ్దాన్ని కత్తిరించడం వచ్చు.

ఆదివారాలు, ఫోన్లు బాగుచేసే కొట్టు వెనక గదిలో
చేరేవాళ్ళం.
ప్రతిధ్వని రాకుండా గోడలనిండా
పాత లంగాలు వేలాడదీశారు,
ఒక్కొక్కటీ మోయలేనన్ని కుచ్చిళ్ళు.
వారానికొక మనిషి, ఆరు నిమిషాలు.
ఆ రాత్రికే మాట బయల్దేరి
దిండ్ల కిందికి, వంట గుడ్డల మధ్యకి,
తడి చేతులు తుడుచుకుని తీసే ఫోన్లలోకి వెళ్ళేది.

హుస్తా వాంకా తన పళ్ళెం గురించి చెప్పింది.
అంచు పెచ్చులూడిన నీలం పళ్ళెం, విడిగా, సింకు కింద.
"పద్నాలుగేళ్ళు తిన్నా అందులో.
కుక్క గిన్నె మీద కుక్క పేరుంది."
బసీలియా తన జీతం చెప్పింది.
అంకెలే, నెల వెంట నెల, ఆరు నిమిషాలూ.
నాకు విసుగొచ్చింది.
అన్నిటికంటే ఎక్కువమంది విన్నది దాన్నే.

ప్రతి ఒక్కరూ మొదట "క్షమించండి" అనేవాళ్ళు,
ఎవరినో, ఎందుకో.
నేను తీసేసేదాన్ని. దగ్గులూ, నీళ్ళు నమలడాలూ,
వెనకాల కుక్కరు కూతలూ,
కినువాలో రాళ్ళేరినట్టు ఏరి పారేసేదాన్ని.
ఎంత గర్వమో నాకు, ఎంత శుభ్రమో ఆ గొంతులు.

సెనోబియా చోకే వచ్చింది, తనది విన్నాక.
కూర్చోలేదు. టోపీ తీయలేదు.
"నా ఊపిరెక్కడ పెట్టావు?" అంది.

"పని నుంచొచ్చి, ఇంటి గుమ్మంలో నిలబడి
ఫోనులో మాట్లాడి పంపాను నీకు.
నూట ముప్పై రెండు మెట్లు, వీపున గ్యాస్ సిలిండరు.
ఆ ఆయాసం తీసేశావు.
ఇందులో మాట్లాడుతున్నది
సోఫాలో కూర్చున్న ఆవిడెవరో."

తర్వాత, "ఐమారాలో ఒక మాటన్నాను. అదీ లేదు."
అర్థం కాదని తీశానన్నాను.
"ఎవరికి?"

గదిలో పదకొండు మందిమి.
పది మంది నావైపు చూశారు.

ఆ మాట నానకా. మేము.
వింటున్న నిన్ను బయటే నిలబెట్టి అనే మేము.
నిన్నూ కలుపుకుంటే జివసా. మనం.
నా స్పానిషులో రెండిటికీ ఒకటే మాట.
ఆ ఒక్క మాటలోకి తలుపు తట్టకుండా
ఎన్నిసార్లు దూరిపోయానో నేను,
మన గొంతు, మన పోరాటం, మన జీతం అంటూ.

స్పష్టత అన్నాను. నాణ్యత అన్నాను.
హుస్తా లేచి జారిపోతున్న లంగాకు
మేకు కొట్టడం మొదలుపెట్టింది.
సుత్తి చప్పుడులో నా మాటలు నాకే వినపడలేదు.

కంప్యూటరు చెత్తబుట్టలో అన్నీ అలాగే ఉన్నాయి.
ఆ రాత్రి ఒక్కొక్కటే తెరిచాను.
ముప్పై ఏడు క్షమించండిలు.
ఒక ముక్కు చీదడం. ఒక పసిపిల్ల.
తలుపు తెరుచుకున్న చప్పుడు, వెంటనే
గొంతు మార్చి "వస్తున్నానమ్మగారూ."
దీన్నెలా తీయగలిగాను?

సెనోబియాది మళ్ళీ పంపాం.
మాటకు ముందు పంతొమ్మిది సెకన్ల ఊపిరి.
ఫోను పాడైందనుకున్నామని కొందరు రాశారు.
చాకిరేవు దగ్గరి ఒకామె మాత్రం
"తొమ్మిదో సెకనుకే తెలిసింది, మా మెట్లే" అంది.

ఆమె నన్నింకా పేరుతో పిలవదు. కత్తెర అంటుంది.
నన్నెవరూ నానకాలోకి రమ్మనలేదు,
నేనూ అడగలేదు.

పోయిన ఆదివారం సిలిండరు ఒక పక్క నేను పట్టాను.
డెబ్భయ్యో మెట్టు మీద ఆగాం.
వెనక్కి తిరిగి నాతో ఏదో అంది,
రెండు మాటల్లో ఏదో ఒకటి.
నా ఆయాసంలో నాకు వినపడలేదు.